ఉప్పు తక్కువైతేనే గుర్తొచ్చే చెయ్యి

వంటింట్లో పప్పుచారుకి పోపు పెడుతున్నాను. ముందుగదిలో మా పిల్లలిద్దరూ జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. "పడిపోయిందే! పూర్తిగా పడిపోయింది" అని అరుస్తున్నాడు మా పెద్దాడు. "పడిపోలేదు, మారింది. మారడం వేరు, పడిపోవడం వేరు" అంటోంది చిన్నది. ఎవరో జారిపడ్డారేమోనని గరిటె చేత్తోనే పరిగెత్తాను. తీరా చూస్తే పడిపోయింది మనిషి కాదు, యానిమేషన్!

ఇది 2025 అక్టోబరు మాట. 'వన్ పంచ్ మ్యాన్' అనే జపాన్ బొమ్మల సీరియల్ మూడో సీజన్ మొదలైంది. ఎంతటి రాక్షసుణ్ణయినా ఒక్క గుద్దుతో పడగొట్టే బట్టతల హీరో కథ. మొదటి సీజన్ 2015లో వచ్చింది. రెండోది 2019లో. మధ్యలో స్టూడియో మారింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఎదురు చూస్తే వచ్చిన మూడోదాంట్లో బొమ్మలు కదలడమే లేదట. ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పినట్టుందట. మా ఇంట్లోనే కాదు, ప్రపంచమంతా ఇదే గొడవ అని తర్వాత తెలిసింది.

"వయసొచ్చిన పిల్లలు, ఇంకా బొమ్మల సినిమాలేమిట్రా?" అని మామూలుగా మన నోటికొచ్చే మాటే నా నోటికీ వచ్చింది. చిన్నది నావైపు జాలిగా చూసింది. "నువ్వు చూడలేదా అమ్మా? మోగ్లీ?" అంది.

నిజమే సుమండీ. తొంభైల్లో ఆదివారం పొద్దున్న దూరదర్శన్‌లో 'జంగిల్ బుక్' వస్తుంటే తలంట్లు కూడా మానేసి టీవీ ముందు చేరిన తరం మనది. గుల్జార్ రాసిన ఆ హిందీ పాట అర్థం తెలియకుండానే నోటికి వచ్చేసింది. ఆ మోగ్లీని గీసింది జపాన్‌వాళ్ళని మనకెవరు చెప్పారు? అది 1989లో నిప్పన్ యానిమేషన్ అనే సంస్థ తీసిన సీరియల్. ఆ తర్వాత మన ఇళ్ళలో పిల్లలకి అన్నం తినిపించిపెట్టిన డోరేమాన్, షించాన్ కూడా అక్కణ్ణించి వచ్చినవాళ్ళే. మన రాముణ్ణి కూడా వాళ్ళు గీశారు. యుగో సాకో అనే ఆయన మనదేశపు యానిమేషన్ పెద్ద రామ్‌మోహన్ గారితో కలిసి తీసిన రామాయణం 1993లో వచ్చింది. అది 2025 జనవరిలో తెలుగులో కూడా మళ్ళీ థియేటర్లకి వచ్చింది.

అంచేత ఇది పరాయి గోల అని తోసెయ్యడానికి లేదు. మనకి తెలియకుండానే ముప్ఫై ఏళ్ళుగా మన ముందుగదిలో తిష్ఠ వేసుకున్న చుట్టం ఇది.

సరే, ఇంతకీ ఈ సీజన్ల సంగతేమిటో పిల్లల దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. జపాన్‌లో యానిమే ఏడాదికి నాలుగు విడతలుగా వస్తుంది. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు. ఒక్కో విడతకి పన్నెండో పదమూడో ఎపిసోడ్లు, వారానికొకటి. ప్రతి విడతలోనూ కొత్తవి పదులకొద్దీ దిగుతాయి. మనకి సంక్రాంతికి ఏ సినిమా ఆడుతుంది, ఏది పోతుందని జరిగే చర్చ వాళ్ళకి మూణ్ణెల్లకోసారి. మొదటి ఎపిసోడ్ రాగానే తీర్పులు మొదలు. ఆ గీత బావుంది, ఈ రంగు బాలేదు, పాత స్టూడియోవాళ్ళే నయం, కొత్తవాళ్ళు పాడుచేశారు.

విన్నకొద్దీ నాకు ఇదెక్కడో విన్న గొడవే అనిపించింది. చందమామలో బొమ్మల గురించి మా పెద్దవాళ్ళు ఇలాగే వాదించుకునేవారు. చిత్రా గీతలో ఉన్న నిండుతనం వేరని ఒకరు, శంకర్ గీసిన విక్రమార్కుడే విక్రమార్కుడని ఇంకొకరు, వపా రంగులకి సాటి లేదని మరొకరు. బాపు బొమ్మలో నాలుగ్గీతలు కూడా ఉండవని ఎవరైనా అంటే, ఆ నాలుగు గీతలూ నువ్వు గియ్యి చూద్దామని మా నాన్నగారు కస్సుమనేవారు. బొమ్మని అంత శ్రద్ధగా చూసే పిల్లల్ని చూసి మనం విసుక్కోవడం కాదు, సంతోషించాలి.

ఇక అసలు విషయానికొస్తాను. పడిపోవడమా, మారడమా?

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకి పన్నెండు బొమ్మలు గియ్యాలి. మూడేసి ఫ్రేములు నిలిపితే ఎనిమిది చాలు. 1958లో తోయీ సంస్థ జపాన్‌లో మొట్టమొదటి నిడివైన రంగుల బొమ్మల సినిమా తీసింది. తెల్లపాము కథ అది. అయిదేళ్ళ తర్వాత, 1963 జనవరి 1న, ఒసాము తెజుకా అనే ఆయన 'ఆస్ట్రో బాయ్'ని టీవీకి తెచ్చాడు. సినిమాకయితే నెలల తరబడి గియ్యొచ్చు. టీవీకి వారం వారం ఇవ్వాలి. డబ్బు తక్కువ, టైము ఇంకా తక్కువ. ఆయనేం చేశాడంటే బొమ్మలు తగ్గించాడు. మనిషి మాట్లాడుతుంటే నోరొక్కటే కదిపాడు. ఒకసారి గీసిన పరుగుని పదిసార్లు వాడాడు. గీసిన బొమ్మ ఆగి ఉన్నా కథ పరిగెత్తేలా చూసుకున్నాడు.

ఇవాళ మనం 'యానిమే పద్ధతి' అని ముచ్చటపడే వాటిలో చాలాభాగం ఆ పొదుపులోంచి పుట్టినవే. ఆగిపోయిన ముఖం, దాని వెనక పరిగెత్తే గీతలు, గాలికి ఎగిరే జుట్టు మాత్రమే కదలడం. నెలాఖరున ఇంట్లో ఉన్న నాలుగు వంకాయలతోనే కొత్త కూర కనిపెట్టే మనకి ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే ఆ పొదుపుకి ఇంకో ముఖం కూడా ఉంది. తక్కువ డబ్బుకి తీసి చూపించాక అందరూ తక్కువకే తియ్యమంటారు కదా! ఆ భారం ఇప్పటికీ గీసేవాళ్ళ నెత్తిమీదే ఉందని అక్కడివాళ్ళే చాలామంది అంటారు.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. అంతకుముందు పారదర్శకమైన షీటు మీద గీత దించి, వెనకవైపునించి రంగు వేసేవారు. దాన్ని సెల్ అంటారు. తొంభైల చివర్నించి ఒక్కొక్కరే సెల్ వదిలేసి కంప్యూటర్లో రంగులు వెయ్యడం మొదలుపెట్టారు. 'సజాయే-సాన్' అనే సీరియల్ మాత్రం 2013 దాకా సెల్‌ని పట్టుకుని కూర్చుంది. మచికో హసెగావా అనే రచయిత్రి 1946లో పత్రికలో మొదలుపెట్టిన ఒక గృహిణి కథ అది. టీవీలో 1969 నించి ఆదివారం సాయంత్రాలు వస్తూనే ఉంది. అత్తమామల్లేని కాపురం కాదు, అమ్మా నాన్నా తమ్ముడూ చెల్లీ మొగుడూ పిల్లాడూ అందరూ ఒకే ఇంట్లో. మన సీరియళ్ళలా ఎవరూ ఎవరి పాలలోనూ విషం కలపరు. చేపలు మాడిపోవడం, చెప్పులు మారిపోవడం, అవే కథలు.

సెల్ పోయినప్పుడు పాత అభిమానులు బాధపడ్డారు. ఆ రంగుల్లో ఉన్న వెచ్చదనం పోయిందన్నారు. తర్వాత త్రీడీ కంప్యూటర్ బొమ్మలొచ్చినప్పుడు ఇంకా బాధపడ్డారు. 'అటాక్ ఆన్ టైటన్' 2013 నించి 2019 దాకా విట్ అనే స్టూడియో చేసింది. 2020 డిసెంబరులో ఆఖరి సీజన్ని మాప్పా అనే స్టూడియో అందుకుంది. గీత మారింది, కొన్ని రాక్షసుల్ని కంప్యూటర్‌తో చేశారు. మావాడు అప్పుడు చిన్నవాడు. ఇప్పటికీ ఆ తగాదా తీరలేదు వాడికి. 'జుజుత్సు కైసెన్' 2020లో ఒక దర్శకుడితో మొదలై 2023లో రెండో సీజన్‌కి ఇంకో దర్శకుడి చేతికొచ్చింది. ముఖాల్లో గీతలు తగ్గాయి. "పిచ్చిగీతల్లా ఉన్నాయి" అన్నాడు వీడు. "గీతలు తగ్గిస్తేనే కదరా ఎక్కువసార్లు గియ్యగలిగేది? ఆ ఫైటు ఎంత కదిలిందో చూశావా?" అంది అది.

నాకు మా చిన్నదాని మాట నచ్చింది. రోజూ పొద్దున్న వాకిట్లో వేసే నాలుగు గీతల ముగ్గుకీ, భోగిరోజున ఇరవయ్యొక్క చుక్కల ముగ్గుకీ తేడా లేదూ? చుక్కలు ఎక్కువున్నదే గొప్పదనుకుంటే చెయ్యి తిరిగినావిడ రెండు నిమిషాల్లో లాగిన మెలిక ముగ్గులోని అందం కనపడదు. గీతలు తగ్గినంత మాత్రాన పడిపోయినట్టు కాదు. అలాగని మా పెద్దాడిదీ తప్పనను. కొన్నిచోట్ల మారడం కాదు, పడిపోవడమే. ముగ్గు మధ్యలో పిండి అయిపోతే అది కొత్త పద్ధతి కాదు కదా! తేడా తెలిసినవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది.

అయితే పిండి ఎందుకయిపోయింది? ఎవరి డబ్బాలో అయిపోయింది? ఈ ప్రశ్న మా ఇంట్లో ఇద్దరూ వేసుకోలేదు.

ఆ రాత్రి మావాడు ఫోను నా చేతికిచ్చి "చూడమ్మా, నా కామెంటుకి ఎన్ని లైకులొచ్చాయో" అన్నాడు గర్వంగా. ఇంగ్లీషులో రాశాడు. "ఇది గీసినవాడికి చేతులున్నాయా? వాణ్ణి తీసెయ్యండి." అదీ దాని అర్థం. కింద వందల లైకులు. దాని పైనా కిందా అలాంటివే, కొన్ని ఇక్కడ రాయడానికి కూడా వీల్లేనివి. ఆ సీజన్ దర్శకుడు ఈ తిట్లు భరించలేక సోషల్ మీడియాలో తన ఖాతా మూసుకుని వెళ్ళిపోయాడన్న వార్త కూడా అక్కడే ఉంది. దానికీ ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు.

వేలమంది వేసిన రాళ్ళలో ఒక రాయి నా కొడుకుది. తిట్టడానికి నోరు రాలేదు నాకు. "వాడు అంటున్నావు, ఎవరో తెలుసా? గీసింది మగవాడని నీకెవరు చెప్పారు?" అని మాత్రం అడిగాను. తెల్లబోయాడు.

అడిగానేగానీ నాకూ తెలీదు. అప్పణ్ణించి దొరికిందల్లా చదివాను. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది.

ఆ 1958 నాటి తెల్లపాము సినిమాకి బొమ్మలు గీసినవాళ్ళలో రెయికో ఒకుయామా అనే అమ్మాయి ఉంది. ఆడదానికి పెళ్ళయితే ఉద్యోగం మానెయ్యడం మామూలయిన రోజులవి. ఆవిడ తోటి చిత్రకారుణ్ణే పెళ్ళి చేసుకుంది, బిడ్డని కంది, ఉద్యోగం మాత్రం మానలేదు. యానిమేషన్ డైరెక్టర్ స్థాయికి ఎదిగింది. 2019లో జపాన్ ప్రజా ప్రసార టీవీవాళ్ళు ఆవిణ్ణి స్ఫూర్తిగా తీసుకుని 'నత్సుజోరా' అనే సీరియలే తీశారు. మిచియో యసుదా అనే ఇంకొకావిడ తోయీలో చేరి, తర్వాత ఘిబ్లీ స్టూడియోలో మియజాకీ సినిమాలకి రంగులు నిర్ణయించింది. 2003లో ఆస్కార్ తెచ్చుకున్న 'స్పిరిటెడ్ అవే' రంగులు ఆవిడవే. సినిమా చూసి ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ ఎంత బావున్నాయో అనుకున్నవాళ్ళలో ఆవిడ పేరు ఎంతమందికి తెలుసు?

నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం మూడో కథ. యోకో హత్తా అనే ఆవిడ పెళ్ళికి ముందు తెజుకా స్టూడియోలో సెల్ మీద రంగులు వేసేది. పెళ్ళయి క్యోటో వైపు కాపురానికి వచ్చేసింది. మనలో చాలామందికి కథ అక్కడితో అయిపోతుంది. సర్టిఫికెట్లు బీరువాలో, చేతులు గిన్నెల్లో. ఆవిడ ఊరుకోలేదు. ఇరుగుపొరుగు గృహిణుల్ని పోగుచేసి వాళ్ళకి రంగులు వెయ్యడం నేర్పింది. టోక్యో స్టూడియోల నించి పని తెప్పించింది. అలా 1981లో మొదలైన ఆ చిన్న గుంపే ఇవాళ ప్రపంచమంతా గౌరవించే క్యోటో యానిమేషన్. బొమ్మకింత అని లెక్కకట్టి ఇచ్చే రంగంలో, వాళ్ళు తమ మనుషులకి నెలజీతాలిచ్చి, పని నేర్పి నిలబెట్టుకున్నారు. ఆడవాళ్ళు ఎక్కువగా పనిచేసే స్టూడియోగా పేరు తెచ్చుకున్నారు. వినపడని ఒక పాప కథని 2016లో 'ఎ సైలెంట్ వాయిస్'గా తీసిన నవోకో యమాదా అక్కడ తయారైన దర్శకురాలే.

2019 జులై 18న ఒకడు ఆ స్టూడియోలోకి చొరబడి పెట్రోలు పోసి నిప్పంటించాడు. 36 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడపిల్లలే. తన కథని వాళ్ళు దొంగిలించారని వాడి భ్రమ. 2024 జనవరిలో క్యోటో కోర్టు వాడికి మరణశిక్ష వేసింది. మిగిలినవాళ్ళు కన్నీళ్ళు తుడుచుకుని, సగంలో ఆగిన 'వయొలెట్ ఎవర్‌గార్డెన్' సినిమాని పూర్తిచేసి 2020 సెప్టెంబరులో విడుదల చేశారు.

ఆ ఘోరానికీ మా పిల్లల తగాదాకీ నేను ముడిపెట్టడంలేదు. వాడు చేసింది నేరం, వీళ్ళది నోటి దురుసు. కానీ ఒక్కటి మాత్రం అనిపించింది. మనం చూసే బొమ్మ వెనక ఒక చెయ్యుంటుంది, ఆ చేతికో పేరుంటుంది, ఆ పేరుకో ఇల్లుంటుంది. ఆ 36 మంది పేర్లూ బతికుండగా ఎపిసోడ్ చివర పరిగెత్తుతూనే ఉండేవి. చాలామందిమి ఆ సమయానికి రిమోట్ నొక్కేసి ఉంటాం.

ఇక పిండి ఎందుకయిపోయిందన్న ప్రశ్న. జపాన్‌లో చాలా యానిమేలకి పెట్టుబడి పెట్టేది స్టూడియో కాదు. పుస్తకాల కంపెనీ, టీవీ, పాటల కంపెనీ, బొమ్మల కంపెనీ ఇలా నలుగురైదుగురు కలిసి ఒక కమిటీగా ఏర్పడి డబ్బు పెడతారు. లాభమూ వాళ్ళదే, తేదీలు నిర్ణయించేదీ వాళ్ళే. స్టూడియోకి చాలాసార్లు ఒప్పుకున్న మొత్తం మాత్రమే దక్కుతుంది. సీరియల్ ఎంత పేలినా గీసినవాళ్ళకి ఒరిగేది తక్కువ. ముఖ్యమైన బొమ్మల మధ్య కదలికల్ని నింపే కొత్తవాళ్ళకి బొమ్మకి సుమారు రెండువందల యెన్లు వస్తాయని చాలాకాలంగా పత్రికలు రాస్తున్నాయి. మన డబ్బులో నూట పాతిక రూపాయలు కూడా కాదు. వేళ్ళు నొప్పులు పుట్టేలా గీస్తే రోజుకెన్ని గియ్యగలరు? 2023 నవంబరులో జుజుత్సు రెండో సీజన్ నడుస్తుండగానే గీసేవాళ్ళు కొందరు టైము చాలడంలేదని, నిద్రలేదని బహిరంగంగానే మొత్తుకున్నారు. అప్పుడూ ఎపిసోడ్ గురువారానికి రావలసిందే, వచ్చింది.

ఇదంతా చెబితే మా పెద్దాడు ఊరుకున్నాడా? "అయితే ఏమంటావమ్మా? డబ్బు కట్టి చూస్తున్నాం. నచ్చకపోతే నచ్చలేదని చెప్పకూడదా? పాపం కష్టపడ్డారు కదా అని బాగుందని అబద్ధం ఆడాలా?" అన్నాడు.

మంచి ప్రశ్న. నేను దీనికి జవాబు నా అనుభవంలోంచే చెప్పాను. ఆమధ్య నా కథ ఒకటి అచ్చయ్యాక రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకదాంట్లో, "అత్తగారు చివర్లో అంత త్వరగా మారిపోవడం అతకలేదమ్మా, ఇంకో సన్నివేశం ఉండాల్సింది" అని రాశారు. రెండోదాంట్లో, "ఈవిడ కథలు మాని వంట చేసుకుంటే మేలు" అని ఉంది. మొదటి ఉత్తరం చదివి రెండ్రోజులు బాధపడ్డాను, మూడోరోజు ఆ సన్నివేశం రాశాను. రెండోది చదివి ఆర్నెల్లు కాగితం ముట్టుకోలేదు. రెండూ నచ్చలేదన్న ఉత్తరాలే. ఒకటి కథని పట్టుకుంది, రెండోది నా పీకని పట్టుకుంది.

"ఆ ఉత్తరం నువ్వెప్పుడూ చూపించలేదే" అన్నాడు వాడు.

"చూపించే ఉత్తరమా అది?" అన్నాను.

చూసేవాడికి విమర్శించే హక్కుంది. అసలు మంచి విమర్శే లేకపోతే ఏ కళా బాగుపడదు. నిజానికి గీసేవాళ్ళకి కావలసిన విమర్శ ఈ అభిమానులే చెయ్యగలరు. అంత నిశితంగా చూసేవాళ్ళు ఇంకెవరున్నారు? "ఈ పోరాటం కదల్లేదు, వీళ్ళకి ఇంకో ఆర్నెల్లు టైమివ్వండి" అని కమిటీవాళ్ళని అడిగితే అది విమర్శ. "గీసినవాడికి చేతులున్నాయా" అంటే అది తిట్టు. మొదటిది డబ్బున్నవాడికి తగులుతుంది. రెండోది రాత్రంతా మేలుకున్నవాడికి తగులుతుంది.

ఈ సంగతి అందరికన్నా ముందు అర్థం కావలసింది మనకే. చారు రోజూ కుదిరితే ఎవరూ ఏమీ అనరు. ఒక్కరోజు ఉప్పు తక్కువైతే, "ఇవాళ ఎవరు చేశారు?" అని అడుగుతారు. మనింట్లో ఇంకెవరు చేస్తారు? సరిగ్గా ఉన్నన్నాళ్ళూ కనపడని చెయ్యి, తప్పు జరిగినరోజే కనపడుతుంది. మన చెయ్యి సంగతీ ఇంతే, సముద్రాల అవతల సెల్ మీద రంగులద్దిన ఆ గృహిణుల చెయ్యి సంగతీ ఇంతే.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. 2025 మార్చిలో గుర్తుందా, కంప్యూటర్‌కి ఫొటో ఇస్తే ఘిబ్లీ బొమ్మలా మార్చి ఇవ్వడం? మా బంధువుల వాట్సాప్ గ్రూపంతా ఆ బొమ్మలే. నేనూ మా పెళ్ళిఫొటో ఇచ్చాను. తలంబ్రాలు ముత్యాల్లా, మావారి జుట్టు నిండుగా, నేను సన్నగా. మురిసిపోయి అందరికీ పంపాను. అప్పుడు మా చిన్నది, "ఇది గీసిందెవరమ్మా?" అంది. "కంప్యూటర్" అన్నాను. "దానికి నేర్పిన గీతలు ఎవరివి? వాళ్ళనెవరైనా అడిగారా?" అంది. ఆరోజు దాన్ని కసిరాను. ఈ కథలన్నీ చదివాక ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. సెల్ పోయి కంప్యూటర్ రావడం మార్పే, ఎందుకంటే కంప్యూటర్ ముందు కూడా చెయ్యుంది. చెయ్యే అక్కర్లేదనడం మార్పు కాదు. పేరు ఎలాగూ ఎవరూ చదవడంలేదు కదా, ఇక మనిషెందుకు అన్నట్టుంది అది. పేరు చదవని మనమే దానికి దారి వేస్తున్నామేమో!

కాబట్టి తోటి తల్లులకి నేను చెప్పేది రెండే మాటలు. ఒకటి, పిల్లలు ఆ బొమ్మల గురించి కొట్టుకుంటుంటే చదువులు పాడవుతున్నాయని టీవీ కట్టెయ్యకండి. ఒక్క ఎపిసోడ్ పక్కన కూర్చుని చూడండి. ఇప్పుడు చాలావాటికి తెలుగు మాటలు కూడా ఉంటున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' సినిమా తెలుగులో వస్తే మా ఊళ్ళో పిల్లలు ఈలలు వేశారు. నేనూ వెళ్ళాను. కథ సగమే అర్థమైందిగానీ, ఆ కోట గదులు గిర్రున తిరుగుతుంటే కుర్చీ పట్టుకున్నాను.

రెండోది, అయిపోగానే రిమోట్ నొక్కనివ్వకండి. చివర పేర్లు పోతాయి. మనకి ఆ అక్షరాలు చదవడం రాదు, నిజమే. కానీ అవి ఎంతసేపు పోతాయో చూడండి. అన్ని చేతులు. వాటిలో ఒక చెయ్యి మనలాంటి ఇల్లాలిది కావచ్చు, రేపు మనపిల్లది కావచ్చు. మా చిన్నది లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో ఏం గీస్తోందో నాకు తెలుసు. అది ఆ దారి పడుతుందో లేదో తెలియదు. పడితే మాత్రం, "చేతులున్నాయా" అని దాన్ని అడిగేవాళ్ళు తగ్గి ఉంటే బావుణ్ణనిపిస్తోంది.

మా పెద్దాడు ఆ కామెంటు తీసేశాడు. నేను చెప్పానని కాదు, వాడే తీశాడు. మూడో సీజన్ బాలేదనే మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాడు. ఉండనీండి, అది వాడి అభిప్రాయం. నాకూ బాలేదనే అనిపించింది.

నిన్న రాత్రి అన్నంలో చారు కలుపుకుంటూ, "అమ్మా, ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "టైము చాల్లేదా?" అన్నాడు.

చాల్లేదు. ఈ వ్యాసం రాస్తూ కూర్చున్నాను మరి!